సరిహద్దులు కదిలిన రోజులు



మా పాఠశాలలో ప్రతిదినము ప్రార్థన ముగిసిన పిమ్మట నల్లబల్ల మీద ‘నేటి విశేషం’ వ్రాయించుట వాడుక. మహనీయుల జయంతులు, వర్ధంతులు, యుద్ధాలు, ఆవిష్కరణలు అందులో ఉంటాయి. మాది బళ్ళారి ప్రాంతము. ఇక్కడ నవంబరు 1 కన్నడ రాజ్యోత్సవము. ఎరుపు, పసుపు పతాకము ఎగురుతుంది, పిల్లలు నాడగీతం పాడుతారు, మిఠాయిలు పంచుతాము. కొన్ని సంవత్సరముల క్రితం ఆ రోజున అయిదవ తరగతి తెలుగు విద్యార్థిని ఒకతె వచ్చి, “సార్, ఆంధ్రప్రదేశ్ కూడా ఈ రోజే పుట్టిందని మా అవ్వ చెప్పింది. మరి మనము ఏ పక్కన పుట్టినట్లు?” అని అడిగినది.

ఆ ప్రశ్నకు ఒక్క వాక్యములో జవాబు చెప్పలేకపోయాను. అప్పటి నుండి చరిత్ర తేదీలను మరొక దృష్టితో చూచుట మొదలుపెట్టాను. రాష్ట్రావతరణ దినములను ఆయా రాష్ట్రాలు పుట్టినరోజులుగా జరుపుకుంటాయి. అది న్యాయమే. కాని సరిహద్దుకు దగ్గరగా నివసించే వారికి అదే రోజు మరొక విధముగా కనిపిస్తుంది. వారు ఇల్లు కదలలేదు, ఊరు కదలలేదు, సరిహద్దు మాత్రము కదిలినది. అట్టి రోజులను వరుసగా చెప్పి, వాటిలో ఒక రోజు మన బడులకు ఇచ్చిన మాటను గుర్తు చేయుట ఈ వ్యాసము ఉద్దేశము.

మొదటి తేదీ 1936 ఏప్రిల్ 1. ఆనాడు ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినది. ఒడియా ప్రజలు అనేక సంవత్సరములు కోరిన కోరిక అది. ఇప్పటికీ వారు ఆ దినమును ఉత్కళ దివస్‌గా జరుపుకుంటారు. మదరాసు రాజధానిలోని గంజాం ప్రాంతము, జయపురం సంస్థానము ఉన్న కోరాపుట్ ప్రాంతము ఆ కొత్త రాష్ట్రములో చేరినవి. బరంపురము, పర్లాకిమిడి పట్టణములలో తరతరాలుగా ఉన్న తెలుగువారు ఆ ఉదయము నుండి అల్పసంఖ్యాకులైనారు. స్వతంత్ర భారతానికి రాష్ట్రపతి అయిన వరాహగిరి వేంకటగిరి 1894లో జన్మించినది ఆ బరంపురములోనే.

పర్లాకిమిడి అనగానే ప్రతి తెలుగు ఉపాధ్యాయునికి గిడుగు వేంకట రామమూర్తి పంతులు గుర్తుకు రావలెను. వారు 1880లో అక్కడ రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయునిగా చేరి, జీవితములో అధిక భాగము ఆ పట్టణములోనే గడిపారు. సవర భాష నేర్చుకొని, సవర పిల్లలకు వారి మాతృభాషలోనే చదువు చెప్పించిన వారు. పర్లాకిమిడి తాలూకాలో తెలుగువారు ఎక్కువగా ఉన్న గ్రామాలు మదరాసు వైపు నిలుచుటకు వారు పాటుపడ్డారు. ఆ భాగము నేడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్నది. పట్టణము మాత్రము ఒరిస్సాకు పోయినది. కొత్త ప్రభుత్వము ప్రారంభమయ్యే నాడు ఆ ఊరిలో ఉండుట ఇష్టము లేక, తెల్లవారుజామునే బయలుదేరి రాజమహేంద్రవరము వెళ్ళిపోయారని వారి చరిత్ర చెబుతున్నది. 1940 జనవరి 22న పరమపదించారు.

పంతులుగారి నిరసన ఎంత గొప్పదైనా, ఆ రోజు పర్లాకిమిడిలో ఉండిపోయిన తెలుగు కుటుంబాల సంగతి కూడా తలచుకోవలెను. రైలెక్కి వెళ్ళుటకు వీలులేనివారు, అంగళ్ళు, పొలాలు ఉన్నవారు, బడిలో పలకలు పట్టుకున్న పిల్లలు అక్కడే ఉన్నారు. వారి మనుమలు, మునిమనుమలు ఈనాడు గజపతి జిల్లాలో ఒడియా చదువుతూ ఇంట తెలుగు మాట్లాడుతున్నారు. మన వృత్తి అట్లా ఉండిపోయిన వారి కొరకే.

రెండవ తేదీ 1953 అక్టోబరు 1. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మదరాసులో నిరాహారదీక్ష ప్రారంభించి, డిసెంబరు 15 రాత్రి ప్రాణత్యాగము చేశారు. నాలుగు రోజులకు, డిసెంబరు 19న, ఆంధ్ర రాష్ట్రము ఏర్పాటు చేస్తామని ప్రధాని నెహ్రూ ప్రకటించారు. మరుసటి సంవత్సరము కర్నూలు రాజధానిగా, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రిగా ఆంధ్ర రాష్ట్రము అవతరించినది. అదే రోజున మా బళ్ళారి జిల్లా రెండు ముక్కలైనది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్ళినవి. బళ్ళారి, హోస్పేట, సిరుగుప్ప మొదలైనవి మైసూరులో కలిసినవి.

మా ఇంట ఒక పాత రేకుపెట్టెలో మూడు తరాల బడి కాగితాలు ఉన్నవి. మా తాతగారి దానిలో మదరాసు రాజధాని అని, నాయనగారి దానిలో మైసూరు రాష్ట్రము అని, నా దానిలో కర్ణాటక అని ఉన్నది. మూడింటిలోనూ ఊరు ఒక్కటే, వీధి ఒక్కటే. విద్యార్థులకు ఆ మూడు కాగితాలు చూపించినప్పుడు, పాఠ్యపుస్తకములోని పటము కంటె వారికి అదే బాగుగా అర్థమైనది.

ఇందులో నిష్ఠూరమునకు తావు లేదు. బళ్ళారిలో కన్నడము, తెలుగు పాలునీళ్ళ వలె కలిసి ఉన్న భాషలు. బళ్ళారి రాఘవ వంటి నటులు రెండు భాషల రంగస్థలమునకు చెందినవారు. ధర్మవరం రామకృష్ణాచార్యులు తెలుగు నాటకమునకు పితామహుడైనది ఈ ఊరి నుండే. ఏ గీత గీసినా ఒక వైపు కొందరు మిగిలిపోక తప్పదు. ఆ మిగిలినవారి పిల్లలు ఏ భాషలో అక్షరాలు దిద్దుతారన్నదే అసలు ప్రశ్న.

మూడవ తేదీ యానాముది. గోదావరి ఒడ్డున, చుట్టూ తెలుగు నేల ఉండగా, ఆ చిన్న పట్టణము రెండు శతాబ్దాలకు పైగా ఫ్రెంచివారి చేతిలో ఉన్నది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వములో విమోచనోద్యమకారులు యానాం పాలనను చేజిక్కించుకున్నారు. అక్టోబరు 18న కీళూరులో ఫ్రెంచి స్థావరాల ప్రజాప్రతినిధులు ఓటు వేయగా, 178 మందిలో 170 మంది భారతదేశములో విలీనమునకు సమ్మతించారు. నవంబరు 1న పరిపాలన భారతదేశమునకు సంక్రమించినది. చట్టరీత్యా విలీనము 1962 ఆగస్టు 16న పూర్తి అయినది. పుదుచ్చేరి పాలనలోనే ఉన్నప్పటికీ, యానాములో తెలుగుకు అధికార వ్యవహారములలో చోటు ఉన్నది. అల్పసంఖ్య భాషకు చట్టములోనే చోటు కల్పించవచ్చు అనుటకు ఇది మన కండ్ల ముందరి ఉదాహరణము.

సరిగ్గా రెండు సంవత్సరముల తరువాత, 1956 నవంబరు 1న, దేశ పటము అంతటా మారినది. హైదరాబాదు రాష్ట్రము మూడుగా చీలినది. తెలంగాణ జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరగా, రాయచూరు, గుల్బర్గా, బీదరు ప్రాంతములు మైసూరుకు, నాందేడుతో కూడిన మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రమునకు వెళ్ళినవి. ఆ మైసూరుకే 1973 నవంబరు 1న కర్ణాటక అని పేరు వచ్చినది. ఇది అందరికీ తెలిసిన సగము. రెండవ సగము ‘నేటి విశేషం’ పుస్తకాలలో నాకు ఎక్కడా కనబడలేదు.

రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణకు వీలుగా చేసిన రాజ్యాంగ ఏడవ సవరణ కూడా అదే 1956 నవంబరు 1న అమలులోనికి వచ్చినది. దాని ద్వారా రాజ్యాంగములో 350-ఎ, 350-బి అధికరణములు చేరినవి. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరుగుటకు తగిన సదుపాయములు కల్పించుటకు ప్రతి రాష్ట్రము, ప్రతి స్థానిక సంస్థ ప్రయత్నించవలెనని మొదటిది చెబుతున్నది. ఆ రక్షణలను పరిశీలించి రాష్ట్రపతికి నివేదించుటకు ఒక ప్రత్యేకాధికారి ఉండవలెనని రెండవది చెబుతున్నది. అనగా సరిహద్దు గీసిన రోజుననే, ఆ గీతకు అవతల మిగిలిన పిల్లలకు ఒక మాట కూడా ఇచ్చినారు. ఆనాటి చిన్నారి ప్రశ్నకు నేడైతే నేను చెప్పగల జవాబు ఇదే: “అమ్మా, ఆ రోజు మన ఊరు ఏ పక్కన ఉన్నా, నీ భాషలో నీకు చదువు అందవలెనని రాజ్యాంగములో వ్రాసినది కూడా ఆ రోజు నుండే.”

1960లో రెండు తేదీలు ఉన్నవి. ఏప్రిల్ 1న పటాస్కర్ తీర్పును అనుసరించి ఆంధ్రప్రదేశ్, మదరాసు రాష్ట్రాల సరిహద్దు సవరించారు. తిరుత్తణి తాలూకాలో అధిక భాగము మదరాసుకు వెళ్ళగా, సత్యవేడు ప్రాంతము ఆంధ్రకు వచ్చినది. ఇరువైపులా మరొక భాష వారు మిగిలారు. మే 1న మహారాష్ట్ర ఏర్పడినది. షోలాపురము పద్మశాలీల వంటి వారి సంగతి వేరు. వారు మగ్గము పని వెదకుకొనుచు తామే తరలివెళ్ళినవారు. అయినా తరలివెళ్ళినవారి పిల్లలకైనా, సరిహద్దు తరలిపోయినవారి పిల్లలకైనా బడిలో ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే.

ఇక్కడ ఉపాధ్యాయ మిత్రులు ఒక విషయము గమనింతురు గాక. మన బడులలో వారము వ్యవధిలో రెండు పండుగలు వస్తాయి. ఆగస్టు 29 గిడుగువారి జయంతి, తెలుగు భాషా దినోత్సవము. సెప్టెంబరు 5 సర్వేపల్లి రాధాకృష్ణన్ జయంతి, ఉపాధ్యాయ దినోత్సవము. గిడుగువారి కర్మభూమి పర్లాకిమిడి నేడు ఒడిశాలో ఉన్నది. రాధాకృష్ణన్ జన్మస్థలమైన తిరుత్తణి నేడు తమిళనాడులో ఉన్నది. ఒకటి 1936లో, మరొకటి 1960లో, రెండూ ఏప్రిల్ 1వ తేదీననే సరిహద్దు దాటినవి. తెలుగువారు గర్వముగా జరుపుకునే ఆ రెండు పండుగలూ మన వంటి సరిహద్దు ఊళ్ళతో ముడిపడినవే. మనము తెలుగు చరిత్రకు అంచున ఉన్నవారము కాదని పిల్లలకు చెప్పుటకు ఇంతకంటె ఋజువు అక్కరలేదు.

ఇక ఇచ్చిన మాట సంగతి. 350-ఎ అధికరణములోని మాట ‘ప్రయత్నించవలెను’ అని. ప్రయత్నము చేయించుకొనవలసినది మనమే. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశము ఒక కొలత నిర్ణయించినది. ఒక తరగతిలో పదిమంది గాని, పాఠశాల మొత్తము మీద నలభైమంది గాని ఆ భాష పిల్లలు ఉంటే, ఆ భాషలో బోధించుటకు ఒక ఉపాధ్యాయుని నియమించవలెనని దాని సారాంశము. పది అనే సంఖ్య చిన్నదిగా కనిపిస్తుంది. దాని బరువు నాకు ఒక వేసవిలో తెలిసినది.

ఆ సంవత్సరము ఒకటవ తరగతి తెలుగు విభాగములో తొమ్మిది పేర్లే వచ్చినవి. పదవ పేరు లేకపోతే ఆ విభాగము తెరువము అని కార్యాలయములో చెప్పారు. ఎండలో ఇల్లిల్లూ తిరిగాను. కూరగాయల బండి నడుపుకునే ఒక తండ్రి, “అయ్యవారూ, తెలుగు ఇంట్లో మాట్లాడుతానే ఉంటాము గదా, బడిలో మళ్ళా దేనికి?” అన్నాడు. కోపము రాలేదు. అది న్యాయమైన ప్రశ్న. “మాట్లాడేది నీ వరకు వచ్చినది. చదవటము, వ్రాయటము రాకపోతే అది నీ బిడ్డతో ఆగిపోతుంది. కన్నడము తప్పక నేర్పుతాము, ఇంగ్లీషూ నేర్పుతాము. తెలుగు అక్షరము మాత్రము నేను తప్ప ఇంకెవరు నేర్పుతారు?” అన్నాను. ఆయన ఆలోచించి చెబుతానన్నాడు. చేరికలు ముగిసే రోజు సాయంత్రము కూతురు చేయి పట్టుకొని వచ్చాడు. ఆ సంవత్సరము విభాగము నిలిచినది. మరుసటి సంవత్సరము మరల తిరగవలసి వచ్చినది.

కాబట్టి తల్లిదండ్రులకు నా విన్నపము ఒక్కటే. చేరిక పత్రములో ‘మాతృభాష’ అని ఉన్న గడిలో నిస్సంకోచముగా తెలుగు అని వ్రాయండి. రాష్ట్ర భాష రాదేమో అనే భయము వద్దు. మన పిల్లలు రెండు లిపులు నేర్వగలరని నేను నా తరగతిలో ప్రతి సంవత్సరము చూస్తున్నాను. ఆ గడి ఖాళీగా విడిస్తే, లేదా సౌకర్యము కొరకు మరొకటి వ్రాస్తే, లెక్కలో ఒక పేరు తగ్గుతుంది. తొమ్మిదికి, పదికి తేడా ఆ ఒక్క పేరే.

ఉపాధ్యాయ మిత్రులారా, మీ ఊరికి సంబంధించిన తేదీ ఏదో వెదకండి. బరంపురములో ఏప్రిల్ 1, యానాములో జూన్ 13, తిరుత్తణిలో ఏప్రిల్ 1, బళ్ళారిలో అక్టోబరు 1. ఆ ఉదయము నల్లబల్ల మీద రాష్ట్రము పుట్టినదని వ్రాయండి. దాని క్రింద, ఆ రోజు మన ఊరి పిల్లలు ఏ బడిలో ఏ భాష చదువుచుండిరో పెద్దలను అడిగి తెలుసుకొని రమ్మనండి. నవంబరు 1న మాత్రము రెండు వాక్యములు వ్రాయించండి. ఒకటి రాష్ట్రమును గురించి, రెండవది 350-ఎ అధికరణమును గురించి. మా బడిలో ఆ రెండవ వాక్యమును ప్రతి సంవత్సరము ఒకటవ తరగతి తెలుగు విభాగము పిల్లల చేతనే వ్రాయిస్తున్నాను. ఒత్తులు తప్పుతాయి. దిద్ది మరల వ్రాయిస్తాను.