గులాబీ – తోడు మొక్కలు

గులాబీకి పట్టే పురుగులను తగ్గించడానికి పక్కనే వేరే జాతి మొక్కలు పెంచే పద్ధతి. వెల్లుల్లి, ఉల్లి, బంతి, కొత్తిమీర ఎక్కువగా వాడుకలో ఉన్నాయి.

వీటిలో వెల్లుల్లి ప్రస్తావన చాలా పాతది. శత్రువుల వల్ల కలిగే మేలు గురించి రాసిన వ్యాసంలో గ్రీకు రచయిత ప్లూటార్క్ (సుమారు క్రీ.శ. 46–120), గులాబీల పక్కన వెల్లుల్లి, ఉల్లి నాటితే ఘాటంతా అవే లాగేసుకుని పూలు మెరుగవుతాయని తోటమాలులు నమ్మేవారన్నాడు. ఆ మాట వాసన గురించే. పురుగుల ఊసు లేదు. కాబట్టి వెల్లుల్లి నాటితే పేనుబంక రాదన్న వాదన తర్వాత చేరిందనుకోవడమే సబబు. 1983లో వెలువడిన లూయీస్ రియోట్ పుస్తకం ‘రోజెస్ లవ్ గార్లిక్’ పేరులోనే ఈ జోడీ ఉంది.

ఘాటు వాసనే పురుగును తరుముతుందన్న వివరణకు ఆధారాలు బలహీనం. ఇంగ్లండు శాస్త్రవేత్తలు ఫించ్, కోలియర్ 2000లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, పురుగు పచ్చగా కనిపించిన ఏ ఆకు మీదైనా వాలుతుంది. తనది కాని ఆకుల మీద పదేపదే వాలితే వెళ్లిపోతుంది. అయితే అది క్యాబేజీ జాతి పంటల మీద రూపొందింది. గులాబీకి ఎంతవరకు వర్తిస్తుందో జాగ్రత్తగా చూడాలి.

బంతి సంగతి వేరు. దాని వేళ్లలోని ఆల్ఫా-టెర్థైనిల్ అనే రసాయనానికి నేలలోని నులిపురుగులను చంపే గుణముందని 1958లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఉలెన్‌బ్రూక్, బిలో చూపారు. కానీ ఆ మేలు దక్కాలంటే గులాబీ నాటకముందే ఆ మడిలో రెండు మూడు నెలలు బంతిని దట్టంగా పెంచాలి. పాదు చుట్టూ నాలుగు మొక్కలు పెడితే చాలదు. పైగా బంతికి కూడా ఎర్రనల్లి పడుతుంది, అందువల్ల ఎండాకాలంలో గులాబీ పక్కన అది మంచి పొరుగు కాకపోవచ్చు. టమాటాలో శనగపచ్చ పురుగుకు బంతిని ఎర పంటగా వేయడం మన రైతులకు పరిచయమే, కానీ ఆ ఫలితాన్ని గులాబీకి అన్వయించలేం.

ఎక్కువ నమ్మదగినది పూత మార్గం. పూతకు వచ్చిన కొత్తిమీర, సోయకూర సిర్ఫిడ్ ఈగలకు పుప్పొడి, మకరందం ఇస్తాయి. ఆ ఈగల పిల్లపురుగులు పేనుబంకను తింటాయి. అందుకే కొత్తిమీరను కోసేయకుండా కొంత పూతకు వదలాలి. పేనుబంక విసర్జించే తియ్యని జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి గనుక, చీమలను అదుపు చేయకపోతే ఈ మిత్ర పురుగుల పని సగంలోనే ఆగిపోతుంది.