పవర్ విండో స్విచ్: పరీక్ష, మార్పిడి

కారు తలుపు అద్దాన్ని మోటారుతో ఎక్కించి దించేది పవర్ విండో స్విచ్. సాధారణంగా ఒక్కో తలుపుకు ఒకటి ఉంటుంది. డ్రైవరు పక్కనుండే మాస్టర్ స్విచ్‌తో అన్ని అద్దాలనూ నడపవచ్చు. మిగతా స్విచ్‌లను పనిచేయకుండా ఆపే లాక్ బటన్ కూడా అక్కడే ఉంటుంది. అది పొరపాటున నొక్కుకుపోయినా ఆ స్విచ్‌లతో అద్దాలు కదలవు కాబట్టి తనిఖీ దానితోనే మొదలుపెట్టాలి.

అద్దాన్ని కదిలించేది 12 వోల్టుల డీసీ మోటారు. దాని రెండు తీగల్లో ప్లస్, మైనస్ తారుమారైతే తిరిగే దిశ మారుతుంది. పాత తరహా స్విచ్ చేసే పని ఇదే. చాలా కార్లలో స్విచ్‌ను ముట్టుకోనప్పుడు రెండు తీగలూ గ్రౌండ్‌కే కలిసి ఉంటాయి. పైకి లాగితే ఒకటి, కిందికి నొక్కితే రెండోది సప్లైకి మారుతుంది. పక్క తలుపుల మోటార్లకు గ్రౌండ్ మాస్టర్ స్విచ్ గుండా అందే కార్లలో మాస్టర్ పాడైతే, బాగున్న పక్క స్విచ్ కూడా పనిచేయదు.

నొక్కిన ప్రతిసారీ లోపలి కాంటాక్టుల మధ్య చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఏళ్ల తరబడి అలా జరిగితే అవి మసిబారి కరెంటును సరిగా అందించవు. అద్దం దించి ఉండగా వాన జల్లు పడితే తుప్పు కూడా తోడవుతుంది. డ్రైవరు వైపు స్విచ్ ఎక్కువగా పోవడానికి ఎక్కువ వాడకమూ ఈ తడీ కారణాలే.

స్విచ్ నొక్కినప్పుడు మోటారు తిరుగుతున్న చప్పుడు వచ్చి అద్దం కదలకపోతే లోపం సాధారణంగా అద్దాన్ని ఎత్తి దించే యంత్రాంగమైన రెగ్యులేటర్‌లో ఉంటుంది. చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు చూసి, తర్వాత స్విచ్ ప్యానెల్‌ను ప్లాస్టిక్ పనిముట్టుతో పైకి లేపాలి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి మల్టీమీటర్‌తో కొలిస్తే సప్లై పిన్ దగ్గర బ్యాటరీ వోల్టేజీ కనిపించాలి. అసలు మెలిక తర్వాతి అడుగులో ఉంది. మోటారు కనెక్టర్ ఊడదీసి కొలిస్తే మసిబారిన కాంటాక్టు కూడా పూర్తి 12 వోల్టులు చూపించి మోసం చేస్తుంది. కనెక్టర్లు తగిలించే ఉంచి, స్విచ్ నొక్కిపట్టి, మోటారుకు కరెంటు పోతుండగా వెనక నుంచి పిన్‌లను తాకి కొలవాలి. సప్లై పిన్‌కూ, మోటారుకు వెళ్లే రెండు పిన్‌లలో అప్పుడు సప్లైకి మారినదానికీ మధ్య ఒక వోల్టుకు మించి తేడా ఉంటే స్విచ్ పాడైనట్టే. స్విచ్ వోల్టేజీని సరిగ్గానే అందిస్తున్నా మోటారు కదలకపోతే తలుపు సందులోని రబ్బరు గొట్టంలో తీగ తెగిందేమో చూడాలి. తలుపు తెరిచి మూసే ప్రతిసారీ ఆ తీగ వంగుతుంది.

కొత్త కార్లలో స్విచ్ కంట్రోల్ యూనిట్‌కు సంకేతం మాత్రమే పంపవచ్చు. వాటికి ఈ కొలతలు చాలవు, స్కానర్ కావాలి.

మార్చే ముందు బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీయాలి. కనెక్టర్‌ను తీగలు పట్టుకుని లాగకూడదు. లాక్ నొక్కి తీయాలి. కొత్త దానికి పిన్‌ల సంఖ్యతోపాటు పార్ట్ నంబరూ సరిపోవాలి. ఒకే మోడల్‌లోనూ వేరియంట్‌ను బట్టి స్విచ్ మారవచ్చు. ఒక్కసారి లాగితే అద్దం పూర్తిగా ఎక్కే ఆటో అప్ ఉన్న కారులో, తయారీదారు మాన్యువల్ ప్రకారం అద్దాన్ని మళ్లీ సెట్ చేయాల్సి రావచ్చు. అది పూర్తయ్యేదాకా అడ్డు తగిలితే వెనక్కి దిగే రక్షణ పనిచేయకపోవచ్చు కాబట్టి, అంతవరకు పిల్లలను ఆ కిటికీకి దూరంగా ఉంచాలి.