చలిలో పెట్టిన చెవి

1982 ఫిబ్రవరి 14న స్టాన్‌ఫర్డ్‌లో ద్రవ హీలియం చలిలో ఉంచిన ఓ తీగచుట్ట ఒక్కసారి స్పందించింది. అయస్కాంతపు ఒంటరి ధ్రువమేదైనా అందులోంచి దూసుకుపోతే ఎలాంటి గుర్తు పడాలో సరిగ్గా అలాంటి గుర్తే పడింది. ఆ ప్రయోగం చేసిన బ్లాస్ కబ్రేరా ఆ తర్వాత ఇంకా పెద్ద చుట్టలు కట్టి కాచుకుని కూర్చున్నా అది మళ్లీ రాలేదు. ఒక్క సంకేతం విలువెంతో అలా తెలుసుకున్న మనిషే తర్వాత కృష్ణపదార్థం వేటకు సారథుల్లో ఒకడయ్యాడు. తగిన మనిషే దొరికాడనిపిస్తుంది నాకు.

కృష్ణపదార్థం, అంటే డార్క్ మేటర్, ఉందన్న అనుమానం 1933లో ఫ్రిట్జ్ జ్వికీది. 1970ల్లో వెరా రూబిన్ గెలాక్సీల అంచుల్లో నక్షత్రాల వేగం లెక్కకు మించి ఉందని చూపాక దాన్ని కొట్టిపారేయడం కష్టమైంది. దాన్ని నేలమీదే పట్టవచ్చన్న ఆలోచనకు 1985లో గుడ్‌మన్, విటెన్‌ల వ్యాసం ఊపునిచ్చింది. కృష్ణపదార్థపు కణం ఎప్పుడో ఒకసారి ఏదో ఒక పరమాణు కేంద్రకానికి తగలకపోదు. తగిలితే కేంద్రకం కాస్త కదులుతుంది, స్ఫటికం రవ్వంత వేడెక్కుతుంది.

ఆ రవ్వంతను కొలవడానికే చలి. స్ఫటికం ఉష్ణోగ్రత పదో వంతుకు దిగితే, దాన్ని అంతే మేర వేడెక్కించడానికి వెయ్యో వంతు శక్తి చాలు. ఈ కిటుకు కొత్తది కాదు. రేడియోధార్మికత పుట్టించే కొద్దిపాటి వేడిని అతిశీతల స్థితిలో కొలవవచ్చని ఫ్రాంజ్ సైమన్ 1935లోనే 'నేచర్'లో రాశాడు. అయితే దానికి తగిన యంత్రం, హీలియం రెండు ఐసోటోపులను కలిపి చల్లబరిచే డైల్యూషన్ రిఫ్రిజిరేటర్, 1960ల్లో గాని రాలేదు.

బర్క్‌లీలో బెర్నార్డ్ సడూలే, స్టాన్‌ఫర్డ్‌లో కబ్రేరా బృందాలు కృష్ణపదార్థం కోసం కలిసి నడిపిన సీడీఎంఎస్ ప్రయోగం అసలు తెలివి చలిలో లేదు, రెండు కొలతల్లో ఉంది. స్ఫటికంలో పుట్టిన వేడినీ, విద్యుదావేశాన్నీ విడివిడిగా కొలిచారు. గామా కిరణం ఎలక్ట్రాన్‌ను తడితే ఆవేశం బాగా పుడుతుంది. కేంద్రకం కదిలితే అందులో మూడో వంతు మాత్రమే. దాంతో అక్కర్లేని సంకేతాల చెత్తలో నూటికి తొంభై తొమ్మిదికి పైగా అక్కడికక్కడే పక్కకు పోతుంది. న్యూట్రాన్ మాత్రం కేంద్రకాన్నే తంతుంది, ఈ జల్లెడకు అది చిక్కదు. స్టాన్‌ఫర్డ్‌లో పది మీటర్ల లోతున ఉన్న తొలి ప్రయోగశాలలో కాస్మిక్ కిరణాలు పుట్టించిన న్యూట్రాన్లే అడ్డుపడ్డాయి. అందుకే మిన్నెసోటాలో 1962లో మూతబడిన సూడాన్ ఇనుప గనిలోకి, సుమారు 700 మీటర్ల లోతుకు దిగారు.

అక్కడ 250 గ్రాముల జెర్మేనియం బిళ్లలు, 100 గ్రాముల సిలికాన్ బిళ్లలు, మొత్తం 30, పరమ శూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో ఇరవయ్యో వంతు ఎగువన కాపు కాశాయి. చుట్టూ సీసం. కొత్త సీసంలో రేడియోధార్మిక సీసం కొంత ఉంటుంది, 22 ఏళ్లకు గాని అది సగానికి తగ్గదు. అందుకని లోపలి పొరకు శతాబ్దాల నాటి పాత సీసం వాడారు.

2009 డిసెంబరులో రెండు సంకేతాలు బయటపడ్డాయి. ప్రపంచమంతా చెవులు రిక్కించింది. కానీ మామూలు చెత్తే అలా కనిపించే అవకాశం నూటికి 23 అని ఆ బృందమే లెక్క కట్టి చెప్పింది. 2013లో సిలికాన్‌లో మరో మూడు కనిపించాయి. ద్రవ జినాన్‌తో చేసిన లక్స్ ప్రయోగం, తర్వాత సీడీఎంఎస్‌కు వారసురాలైన సూపర్ సీడీఎంఎస్ సొంత ఫలితాలు వాటికి మద్దతివ్వలేదు. బరువైన కణాల వేటలో అప్పటికే జినాన్ ముందుకు వెళ్లిపోయింది. చల్లని స్ఫటికాలకు మిగిలిన రాజ్యం తేలిక కణాలది. నా ఉద్దేశంలో అది ఓటమి కాదు, అంత మెల్లని తాకిడిని వినడం వీటికే చేతనవును.

అలా వినగలగడమే కొత్త తలనొప్పి తెచ్చింది. ఇటలీలోని గ్రాన్ సాసో కొండ కింద ఇదే వేటలో ఉన్న క్రెస్ట్ బృందం తొలి రోజుల్లోనే దాని రుచి చూసింది. నీలమణి స్ఫటికంలో అంతుపట్టని సంకేతాలు రోజుకు వేల సంఖ్యలో వచ్చాయి. చూస్తే స్ఫటికాన్ని గట్టిగా పట్టి ఉంచిన చిన్న నీలమణి గుండ్ల ఒత్తిడికి అది కంటికి కనపడనంత సన్నగా పగుళ్లు బారుతోంది. గుండ్లు తీసి ప్లాస్టిక్ ముక్కలు పెడితే గోల ఆగింది. ఆ పగుళ్ల లెక్కల తీరు భూకంపాల తీరును పోలి ఉందని వాళ్లు తర్వాత వ్యాసం కూడా రాశారు.

ఇప్పుడు మళ్లీ అదే వరస. చాలా ప్రయోగాల్లో అతి తక్కువ శక్తి దగ్గర కారణం తెలియని సంకేతాలు కుప్పపడుతున్నాయి. 2024లో అచ్చయిన ఓ ప్రయోగంలో ఒక సిలికాన్ స్ఫటికాన్ని జిగురుతో అతికించి, ఇంకోదాన్ని సన్నని తీగలతో వేలాడదీసి చూశారు. జిగురు పట్టినది ఎన్నో రెట్లు ఎక్కువ చప్పుడు చేసింది. స్ఫటికం తన ఒత్తిడిని తానే వదుల్చుకుంటున్న చప్పుడు అది.

ఈ వేటలో తర్వాతి మజిలీ కెనడాలోని సడ్‌బరీ. రెండు కిలోమీటర్ల లోతున స్నోల్యాబ్‌లో సూపర్ సీడీఎంఎస్ కోసం 24 స్ఫటికాలు, ఒక్కో జెర్మేనియం బిళ్ల సుమారు 1.4 కిలోలు. ఆ ప్రయోగంలో భువనేశ్వర్‌లోని నైసర్ పరిశోధన సంస్థ కూడా భాగస్వామి.