బోటు వాళ్లు

విశాఖ బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామిని చూసొచ్చి ఎవరైనా "షిప్పు బాగుందండీ" అంటే అక్కడి గైడు పెద్దాయన ఊరుకోరు. "షిప్పు కాదు బాబూ, బోటు" అని సరిదిద్దుతారు. 91 మీటర్ల పొడవున్న ఉక్కు శాల్తీని పట్టుకుని బోటేమిటని మొదట్లో నాకూ నవ్వొచ్చింది. సబ్‌మెరైన్లలో పనిచేసినవాళ్లంతా అలాగే అంటారట. పెళ్లై పిల్లలున్న కూతుర్ని కూడా ఇంట్లో 'పాపా' అని పిలిచినట్టు.

2017 డిసెంబరు 8కి మన నావికాదళంలో జలాంతర్గామి విభాగం పుట్టి యాభై ఏళ్లు నిండాయి. 1967లో అదే రోజున, అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో కల్వరి అనే జలాంతర్గామి మన దళంలో చేరింది. ఆ ఏడాది జూన్‌లో జరిగిన అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంతో సూయజ్ కాలువ మూతపడటంతో ఆఫ్రికా అంతా చుట్టుకుని 1968లో విశాఖ చేరింది. వెనకే ఖాందేరి, కరంజ్ వచ్చాయి. 1969 డిసెంబరు 18న కుర్సురా దళంలోకొచ్చింది. 1971లో ఇక్కడే వీరబాహు స్థావరం, 1974లో శిక్షణ కోసం శాతవాహన ఏర్పడ్డాయి. అలా ఈ ఊళ్లో సబ్‌మెరైన్ వాళ్ల కాపురాలు మొదలయ్యాయి.

మా గైడు పెద్దాయన శ్రీకాకుళం వైపు మనిషి. ఇంజన్ గదిలో పనిచేశారు. పేరు రాయొద్దన్నారు. "నలుగురం చేసిన పనికి నా ఒక్కడి పేరెందుకండీ" అన్నారు.

కుర్సురా అంకెలన్నీ చెప్తారు: 8 మంది ఆఫీసర్లు, 67 మంది నావికులు, 22 టార్పెడోలు, 31 ఏళ్ల సర్వీసు, 73,500 నాటికల్ మైళ్లు. అంకెల్లోకి రానిది వాసన. డీజిలు, చెమట, నిన్నటి పోపు అన్నీ కలిసి చర్మానికి పట్టేసేవట. "సెలవుకి ఇంటికెళ్తే మా ఆవిడ గుమ్మంలోనే ఆపేది. బట్టలు పెరట్లో విప్పించి, రెండుసార్లు సున్నిపిండి పట్టించేది. అయినా వారం దాకా తలగడ నిండా డీజిలే." మంచినీళ్లు వంటకీ తాగడానికీ. స్నానం మాట ఒడ్డు చేరాకే. ఉతికే దారి లేదు గనక కొన్నాళ్లు తొడుక్కుని పారేసే పల్చటి బట్టలిచ్చేవారు. కొందరి పడకలైతే టార్పెడోల పక్కనే. "భయమేసేది కాదా?" అంటే, "దానికంటే పక్కవాడి గురక ఎక్కువ భయం" అన్నారు.

నవ్వు ఆగాక స్నార్ట్ సంగతి చెప్పారు. నీళ్ల కింద మోటార్లు బ్యాటరీల మీద నడుస్తాయి. అవి తగ్గితే రాత్రిపూట పెరిస్కోపు లోతుకు వచ్చి, స్నార్ట్ అనే గొట్టం పైకెత్తి గాలి తీసుకుంటూ డీజిల్ ఇంజన్లు నడిపి చార్జి చేసుకోవాలి. పెద్ద అలొచ్చి గొట్టం మూత పడిందా, ఇంజన్లు ఊరుకోవు, లోపలి గాలినే లాగేస్తాయి. అప్పుడెలా ఉండేదో చూపించడానికి రెండు చెవుల మీదా అరచేతులు అదిమి, కళ్లు గట్టిగా మూసుకున్నారాయన. ఓ పది సెకన్లు అలాగే ఉన్నారు. మూతెప్పుడో తెరుచుకుంది కాబోలు, మెల్లగా చేతులు దించారు.

చూడటానికొచ్చేవాళ్లు ముందడిగేది యుద్ధం గురించే. 1971లో కుర్సురా అరేబియా సముద్రంలో పహరా కాసింది. ఇక్కడికొచ్చింది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఈ తీరంలోనే మునిగిపోయింది. మన రాజ్‌పుత్ నౌక ముంచిందని మనం, లోపలే ఏదో పేలిందని వాళ్లు. వాదన ఎటు తేలినా, మన ఒడ్డెక్కి కూర్చున్న బోటు ఆ రాత్రి ఇక్కడ లేదు. ఆ రాత్రి ఇక్కడున్నది ఇంకా నీళ్లడుగునే ఉంది. ఘాజీ ఊసెత్తితే చప్పట్లు కొట్టే కుర్రాళ్లను పెద్దాయన ఏమీ అనరు. నాతో మాత్రం, "వాళ్లూ బోటు వాళ్లేనండీ" అన్నారు.

కల్వరి 1996లో విరమించింది. దాని పేరుతోనే ముంబయి మజగాన్ డాక్‌లో కొత్త బోటు తయారైంది. కుర్సురా 2001 ఫిబ్రవరి 27న విరమించినా తుక్కులోకి పోలేదు. ఒడ్డుకు లాగి 2002 ఆగస్టులో ప్రదర్శనశాల చేశారు. ఒకప్పుడు పైనున్న హ్యాచ్‌లోంచి దిగిన పెద్దాయన ఇప్పుడు పక్కన కోసిన తలుపులోంచి మెట్లెక్కి లోపలికి వస్తున్నారు. గుండ్రటి ద్వారాల దగ్గర మనం తల ముందు పెట్టి బొప్పి కట్టించుకుంటాం. ఆయన ఈ వయసులోనూ కాలు ముందు పెట్టి, నడుం వంచి, మాట ఆపకుండానే అవతల తేలతారు.

ఆయనకున్న ఫిర్యాదల్లా ఒక్కటే. రంగులేసి, కడిగి, అద్దంలా పెట్టారు గానీ వాసన పోయిందట. ఇంజన్ గది చివర ఓ మూల పైపుల సందున వంగి, గట్టిగా గాలి పీల్చి నన్ను పిలిచారు. "ఇక్కడ చూడండి, ఇక్కడింకా ఉంది."

వంగి చూశాను. నాకేమీ తెలియలేదు.