పుట్టుమచ్చా? గాయమా?

ఈమధ్య ఎవరింటికి వెళ్ళినా ఒకటే సందడి. పాత డబ్బాల్లోనూ, దేవుడి గూట్లోనూ, ముడుపు మూటల్లోనూ పడివున్న చిల్లరంతా నేలమీద గుమ్మరించి, కళ్ళజోడు సవరించుకుంటూ ఒక్కొక్క నాణెం తిప్పితిప్పి చూడటం! అచ్చులో పొరపాటున్న బిళ్ళకి లక్షలిస్తారట అని ఫోనులో ఎవరో పంపిన కబురు. మా ఎదురింటావిడా ఒక అయిదు రూపాయల బిళ్ళ పట్టుకొచ్చింది. "చూడండి వదినగారూ, అంచు ఎలా నొక్కుకుపోయిందో! టంకశాలవాళ్ళ పొరపాటే కదూ?" అంది. దానిమీదుగా ఏ లారీ వెళ్ళిందో పాపం!

నాణేలు సేకరించేవాళ్ళకి టంకశాల పొరపాటంటే పుట్టుమచ్చ లాంటిది. అచ్చుదెబ్బ పడి నాణెం పుట్టేలోపల వచ్చినదై ఉండాలి. ఆ తరువాత జేబుల్లో, రోడ్లమీద, కంసాలి చేతుల్లో తగిలినదంతా గాయం. మచ్చకి విలువ, గాయానికి లేదు. తేడా కనిపెట్టటానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు, వంటింట్లో మసిలిన మనకి మరీ సులువు.

సంక్రాంతికి పంచదార చిలకలు పోసే చెక్క అచ్చు ఉంటుంది చూడండి. ఆ అచ్చుకి సన్నని బీట పడితే, అందులో పోసిన ప్రతి చిలకమీదా అదే చోట ఒక గీత ఉబ్బెత్తుగా లేస్తుంది. తయారైన చిలకమీద చాకుతో గీస్తే గీత లోపలికి దిగుతుంది. నాణెమూ అంతే. అచ్చు పగిలితే వచ్చే గీత పైకి లేచి ఉంటుంది, మేకుతో గీసిన గీత లోతుగా ఉంటుంది. గోటితో తడిమినా తెలిసిపోతుంది.

మరి అర్ధచంద్రాకారంలో అంచు తెగిన బిళ్ళల సంగతి? చెక్కలకి పిండి వత్తి గిన్నెమూతతో బిళ్ళలు కోస్తాం. మూత పక్కకి జరిగి, అంతకుముందు కోసిన చోటుమీద పడిందనుకోండి, ఒకవైపు కొరికినట్టు చెక్క వస్తుంది. టంకశాలలోనూ లోహపు రేకు నుంచి బిళ్ళలు ఇలాగే కోస్తారు, అప్పుడప్పుడూ ఇలాగే కొరుకుపడుతుంది. ఇంట్లో ఆకురాయితో అరగదీసి అదే రూపం తెప్పించే ఘనులున్నారు. అయితే వాళ్ళకి చేతకానిది ఒకటుంది. అచ్చువేసే ముందు బిళ్ళని నొక్కుతూ దొర్లించి చుట్టూ గట్టు లేపుతారు. తెగిన చోట నొక్కటానికి లోహం లేదు కనుక, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచుకీ ఒత్తిడి చాలదు. అక్కడా గట్టు పలచబడుతుంది. అందుకే కొరుకున్న నాణెం చేతికొస్తే ముందు ఎదుటి అంచు చూడాలి.

అన్నిటిలోకీ నాకు ముచ్చటైనది ఇంకోటి. ఒక్కొక్కసారి అచ్చయిన నాణెం కిందపడకుండా అచ్చుకే కరుచుకుపోతుంది. తరువాతి బిళ్ళ దాన్నే అచ్చనుకుని ముద్ర వేయించుకుంటుంది. ఒకవైపు సవ్యంగా, రెండోవైపు అదే బొమ్మ అద్దంలోలా తిరగబడి, లోతుగా! దీనికీ నకిలీలున్నాయి. రెండు నాణేలు పట్టుకారులో బిగించి నొక్కుతారు. కానీ అసలు బొమ్మ ఎక్కడికి పోతుంది? చదునై, నలిగి, తిరగబడ్డ బొమ్మ కిందనుంచి తొంగిచూస్తూనే ఉంటుంది.

అమెరికాలో 1955లో ఫిలడెల్ఫియా టంకశాలవాళ్ళు ఒక సెంటు నాణెం అచ్చు తయారుచేస్తూ, మూలముద్రని రెండోసారి నొక్కినప్పుడు అది కాస్త తిరిగింది. అంతే, అక్షరాలూ సంవత్సరమూ జంటగా పడ్డాయి. అధికారులు చూసేసరికే ఇరవై వేల పైచిలుకు నాణేలు మంచివాటిలో కలిసిపోయాయి. ఏరటం ఎవరివల్ల అవుతుంది? అలాగే వదిలేశారు. సిగరెట్ పెట్టెలు అమ్మే యంత్రాల్లో చిల్లర కింద పెట్టె పై కాగితంలో దూర్చిన రెండు సెంట్లలో ఇవి బయటపడ్డాయి. ఈనాడు ఒక్కొక్కదానికి పెద్ద ధర. జంట అక్షరాలు రెండూ నిండుగా, గుండ్రంగా, కొసల్లో చీలికతో ఉంటే అసలైనది. అచ్చు వదులై అదిరినప్పుడూ జంటగా కనిపిస్తుంది కానీ, రెండో అక్షరం మెట్టులా చదునుగా ఉంటుంది. దానికి ఎవరూ అణా ఎక్కువివ్వరు.

అంతకుముందు 1943లో, యుద్ధానికి రాగి కావాలని అమెరికావాళ్ళు సెంట్లు ఉక్కుతో వేసి పైన జింకు పూత పూశారు. పొరపాటున మిగిలిన కొన్ని రాగి బిళ్ళలు ఆ అచ్చుల కింద పడ్డాయి. వాటి పేరు చెప్పి, ఉక్కు సెంట్లకే రాగిపూత పూసి అమ్మినవాళ్ళు ఎందరో! అయస్కాంతం దగ్గరపెడితే గుట్టు రట్టు.

మన హైదరాబాదు సంగతి వేరు. 1903లో సైఫాబాదులో టంకశాల వెలిసి, యంత్రాలమీద చార్మినారు బొమ్మ రూపాయి వచ్చిన కాలానికి ముందు చాలావరకు సుత్తిదెబ్బల నాణేలే. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. అక్షరాలు సగం బయటికి పోవటం మామూలు. అది మచ్చా కాదు, గాయమూ కాదు. ఎవరైనా పొరపాటు నాణెమని ధర చెబితే నవ్వి ఊరుకోండి. ఆ వెండి రూపాయలమీద చిన్నచిన్న గాట్లు, ముద్రలు కనిపిస్తాయి. వెండి మంచిదో కాదో చూడటానికి షరాబులు కొట్టినవి. శాస్త్రప్రకారం గాయాలే, ధర తగ్గుతుంది. నాకు మాత్రం అచ్చు పొరపాటుకన్నా ఆ గాటే ఎక్కువ కథ చెబుతుందనిపిస్తుంది. పొరపాటు నాణెం యంత్రం సంగతి చెబుతుంది, గాటు పడ్డ రూపాయి బజారు సంగతి చెబుతుంది.

కాసులపేరు విప్పినప్పుడు సవర్లమీద కొక్కెం ఊడిన చోట టంకం మరక కనిపిస్తుంది. అదీ గాయమే, అరుదైన అచ్చు కాదు.

ఇక ఆ ఫోను కబుర్ల సంగతి. నాణెం కొంటామంటూనే ముందు కమీషనో పన్నో కట్టమంటారు. పైగా రిజర్వు బ్యాంకు పేరు వాడుకుంటారు. పాత నోట్లు, నాణేల లావాదేవీలు తాము చేయమనీ, వాటికి రుసుములు అడగమనీ ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది. కట్టిన డబ్బు ఎవరికి పోతుందో ఇక చెప్పాలా?

మీ డబ్బాలో నిజంగా అనుమానమున్న బిళ్ళ దొరికితే భూతద్దంతో చూడండి, అంచు పట్టుకుని ఎత్తండి, తెలిసినవాళ్ళకి చూపించండి. చింతపండు పెట్టి మాత్రం తోమకండి! పులుపు తగిలాక పుట్టినప్పటి మెరుపు పోతుంది, మచ్చేదో గాయమేదో చెప్పే గుర్తులూ దానితోపాటే పోతాయి.