బలపపు రాయి నుంచి పౌడరు డబ్బా వరకు

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయవలసిందని కార్యదర్శిగారు కోరారు. కుతుబ్‌షాహీల గురించి, నిజాముల గురించి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను మనందరి ఇళ్ళలో అద్దం ముందు ఉండే టాల్కం పౌడరు డబ్బాను ఎంచుకున్నాను. నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. కానీ ఇంట్లో పసిపిల్లలు, వృద్ధులు ఉన్నవారికి ఇవాళ ఈ డబ్బా చరిత్రతో పని ఉంది.

టాల్కం అనేది ఒక రాయి. మెగ్నీషియం, సిలికా, కొంత నీటి అంశ కలిసిన ఖనిజం. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో వజ్రానికి 10 అయితే దీనికి 1. గోటితో గీస్తే గీత పడుతుంది. ఇందులోని పొరలు ఒకదానినొకటి గట్టిగా పట్టుకుని ఉండవు, వేలితో రుద్దితే జారిపోతాయి. ఈ జారుడు గుణం ఒక్కటి గుర్తు పెట్టుకుంటే దీని ఉపయోగాలు చాలావరకు తెలిసినట్లే. ప్రమాదాల్లో ఒకటి కూడా అందులోనే ఉంది.

ఫార్సీలోని 'తల్క్' అనే మాట అరబ్బీ ద్వారా ఐరోపాకు వెళ్ళి టాల్కం అయిందని చెబుతారు. మనవాళ్ళు దీన్ని బలపపు రాయి అన్నారు. మనం అక్షరాలు దిద్దిన పలక మార్కాపురానిదైతే, బలపపు రాయి కర్నూలు, అనంతపురం జిల్లాల్లో దొరుకుతుంది. (బలపం కొరికి తిని దెబ్బలు తిన్నవాళ్ళు మనలో ఎందరో!) అమ్మమ్మలు పులుసు కాచిన రాచ్చిప్ప కూడా ఈ జాతి రాయే. నాలుగు వేల ఏళ్ళకు పూర్వమే హరప్పా, మొహెంజొదారోల్లో ఎద్దు బొమ్మలున్న ముద్రలను ఈ మెత్తని రాతి మీదే చెక్కి, తరువాత కాల్చి గట్టిపరిచారు. నేడు మన దేశంలో దీన్ని అందరికన్నా ఎక్కువగా తవ్వేది రాజస్థాన్.

ఆ రాయి డబ్బాలోకి ఎక్కింది మాత్రం అమెరికాలో. జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ మందు పూసిన పట్టీలు అమ్మేది. వాటివల్ల రోగి చర్మం మండుతున్నదని ఒక డాక్టరు రాస్తే, కంపెనీ శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ కిల్మర్ ఇటలీ టాల్కం పొడిని పంపించాడట. దానికి మంచి పేరు రావడంతో 1894లో పసిపిల్లల పౌడరు బజారుకు వచ్చింది.

మన ఇళ్ళలో అంతకుముందు పసివాళ్ళకు నలుగుపిండి, సాంబ్రాణి పొగ ఉండేవి. పౌడరు కొద్దికొద్దిగా వాటి పక్కన చేరింది. పాండ్స్, క్యుటికురా డబ్బాలు పెళ్ళికూతురి సామానులో భాగమయ్యాయి. 1938లో మొదలై 1946లో నాంపల్లి మైదానానికి మారిన నుమాయిష్‌కు కుటుంబంతో వెళితే సబ్బు, స్నో, పౌడరు కొనకుండా తిరిగి వచ్చినవారు తక్కువ. నెలాఖరున అడుగంటిన డబ్బాను బోర్లించి తట్టే చప్పుడు గుమాస్తాల ఇళ్ళన్నిటా ఒకటే!

మొహానికి కాక ఇతర పనులకు దీన్ని వాడే విద్య నాకు తెలిసినంతలో సైకిలు షాపుల నుంచి వచ్చింది. సైదాబాద్, మలక్‌పేట, సరూర్‌నగర్ వైపుల నుంచి చంచల్‌గూడ ప్రభుత్వ ముద్రణాలయానికీ, ఇతర ఆఫీసులకూ సైకిలు అడ్వాన్సు పెట్టుకుని కొన్న సైకిళ్ళ మీద వెళ్ళిన కాలం అది. పంక్చరు అతికించాక షాపువాడు ట్యూబుకు తెల్లని పొడి రాసి టైరులోకి ఎక్కించేవాడు. దాని పేరు ఫ్రెంచి చాక్. పేరులో చాక్ ఉన్నా అది సువాసన లేని టాల్కమే. ఎండకు రబ్బరు రబ్బరుకు అంటుకోకుండా కాపాడేది అదే. ఆ సూత్రంతోనే ఇంట్లో రెయిన్‌కోటు మడతల్లోను, నడుము నొప్పికి వాడే వేడినీళ్ళ రబ్బరు సంచికీ పౌడరు చల్లి దాచేవారు.

కొత్త చీర మీద నూనె చుక్క పడితే వెంటనే పౌడరు వేసి, రాత్రంతా ఉంచి దులిపి, ఆ తరువాత సబ్బు పెట్టాలి. పొడి నూనెను పీల్చుకుంటుంది. సన్నని గొలుసు ముడిపడితే కొంచెం పౌడరు చల్లి గుండుసూదితో విప్పితే ముడి జారుతుంది. పేకముక్కలు అతుక్కుంటుంటే రమ్మీ మిత్రులకూ ఇదే ఉపాయం. క్యారంబోర్డుకు అమ్మే పొడి మాత్రం చాలావరకు బోరిక్ ఆమ్లం. అది కడుపులోకి పోతే విషం కనుక చిన్నపిల్లలకు అందనీయకూడదు.

ఆసుపత్రి చరిత్ర వేరుగా ఉంది. ఒకప్పుడు సర్జన్లు చేతి తొడుగులు సులువుగా ఎక్కడానికి టాల్కం వాడేవారు. అది రోగి కడుపులో పడి పేగులు అతుక్కుంటున్నాయని తెలిశాక మానేశారు. అదే టాల్కంను శుద్ధిచేసి, ఊపిరితిత్తి చుట్టూ మాటిమాటికీ నీరు చేరే రోగులకు, ఆ పొరలు అతుక్కుని నీరు చేరకుండా డాక్టర్లు నేటికీ వాడుతున్నారు. చెడుపు చేసిన గుణమే మందయింది.

ఇక 'ప్యూర్' అనే మాట సంగతి. భూమిలో టాల్కం, ఆస్బెస్టాస్ పక్కపక్కనే ఉండవచ్చు. ఆస్బెస్టాస్ పోగులు కలిసిన పౌడరు క్యాన్సర్ కారకమని ఎప్పుడో తేలింది. అందువల్ల అసలు స్వచ్ఛత అంటే ఆ పోగులు లేకపోవడం. సువాసన, తెలుపు దానికి గుర్తులు కావు. కంటితో చూసి మనం తేల్చలేము. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2024 జూలైలో ఆస్బెస్టాస్ కలవని టాల్కంను కూడా 'బహుశా క్యాన్సర్ కారకం' అనే 2ఏ వర్గంలో చేర్చింది. ఇది సాక్ష్యం బలాన్ని చెప్పే వర్గీకరణ. పౌడరు వాడినవారందరికీ జబ్బు వస్తుందని దాని అర్థం కాదు. అండాశయ క్యాన్సర్ అనుమానం ఉన్నందున స్త్రీలు మర్మస్థానాల్లో దీన్ని వాడకపోవడం మంచిది. జాన్సన్ కంపెనీ 2020లో అమెరికా, కెనడాల్లోను, 2023లో ప్రపంచమంతటా టాల్కం బేబీ పౌడరు ఆపి మొక్కజొన్న పిండికి మారింది.

పసిపిల్లల విషయంలో అంత దూరం ఆలోచించనక్కరలేదు. పొడి ఏదైనా సరే ముక్కులోకి పోతే ఊపిరితిత్తులకు చేటు. అందుకే పిల్లల డాక్టర్లు పౌడరు వద్దంటున్నారు. మనుమడికి నీళ్ళు పోశాక మెడ మడతలు మెత్తని బట్టతో ఆరేలా అద్దితే చాలునని కోడలు అంటే, అమ్మమ్మలు, నాయనమ్మలు కోపగించుకోరాదు. మేమంతా పౌడరుతోనే పెరిగామనే వాదన నాకు నచ్చదు. పొగ పొయ్యిల దగ్గరా పెరిగాం!

2025 సెప్టెంబరు 22 నుంచి పౌడరు మీద జి.ఎస్.టి. 18 నుంచి 5 శాతానికి తగ్గింది. డబ్బాలు ఇంకా ఎక్కువగా ఇంట్లోకి వస్తాయి కాబట్టి మన వయసువారికి అన్నిటికన్నా ముఖ్యమైన మాట చెప్పాలి. సైదాబాద్ ఇళ్ళలో గరుకు గచ్చులు పోయి గ్రానైట్, టైల్స్ వచ్చాయి. స్నానం చేసి వచ్చి నిలబడి పౌడరు చల్లుకుంటే కొంత నేల మీద పడుతుంది. క్యారం కాయిన్‌ను జార్చినంత సులువుగా అది మనిషినీ జార్చుతుంది. మన వయసులో తుంటి ఎముక విరిగితే మళ్ళీ లేచి నడవడం కష్టం. మంచం మీద కూర్చుని, కొద్దిగా అరచేతిలో వేసుకుని, ఒళ్ళు బాగా ఆరాక రాసుకోవాలి. నేల మీద పడినదాన్ని చీపురుతో ఊడిస్తే ఇంకా పలచగా పరుచుకుంటుంది. తడిగుడ్డతో ఒత్తి తీసి, ఆ చోటు ఆరేదాకా అటు నడవకూడదు.