మనోరుగ్మత వ్యాధియేనా?

మతి చలించినవానికి దయ్యము పట్టినదని గొలుసులతో కట్టివేయుట పూర్వము అనేక దేశములలో ఉండెడిది. అది వ్యాధియని గ్రహించిన పిదప గొలుసుకు బదులు మందు వచ్చినది. అయితే వ్యాధియని ఎట్లు నిర్ణయింపవలెను?

వరియన్నము తిను ఉయ్యూరు పరిసరములవారికి పెల్లాగ్రా అంతగా తెలియదు. తెలంగాణమున జొన్నయే ముఖ్యాహారముగా గల పేదలలో అది కనిపించెడిది. ఎండ తగులుచోట చర్మము నల్లబడి పగులును, విరేచనములగును, కొందరికి మతిభ్రమయు కలుగును. నికొటినిక్ ఆమ్లమను విటమిను దీనికి మందని 1937లో తేలినది. జొన్నలో ల్యూసిన్ అధికముగా నుండుటయే ఇందుకు కారణము కావచ్చునని హైదరాబాదు పోషకాహార పరిశోధనాలయమునందలి సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతియాలు 1960లో సూచించిరి. విటమిను ఇచ్చిన కొద్ది దినములలో మతి కుదుటపడుచుండగా, అది వ్యాధి కాదనగలమా?

కాని ప్రతి మనోరుగ్మతకును ఇంత స్పష్టమైన కారణము దొరకలేదు. దొరకనిచోట పేరు పెట్టుటలో ప్రమాదము కలదు. అమెరికాలో కార్ట్‌రైట్ అను వైద్యుడు 1851లో, బానిసలు పారిపోవుట కూడ ఒక మానసిక వ్యాధియే యనెను! చెడినది బానిస మనస్సు కాదు, వానిని బంధించిన వ్యవస్థ.

మన దేశమున 2017 నాటి చట్టము, సంఘమర్యాదకు భిన్నముగా నడచినంతమాత్రమున ఎవరిని మానసిక రోగియని నిర్ణయింపరాదనుచున్నది. కనుక బాధయు, నిత్యజీవితమునకు ఆటంకమును ఉన్నచోట వ్యాధియని గుర్తించి వైద్యుని కడకు పంపుదము. తరగతిలో అల్లరికో, మౌనమునకో తొందరపడి ఆ పేరు తగిలింపకుందము.